15 వేలలో మైటర్ సా: 10 అంగుళాల మామూలుదా, 8 అంగుళాల స్లైడింగా?

బాల్కనీ_వడ్రంగి

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఫ్లాట్, పనంతా బాల్కనీలోనే. వృత్తి కాదు, శని ఆదివారాల సరదా. చేయాలనుకున్నవి: ఫొటో ఫ్రేములు, చిన్న స్టూళ్ళు, మొక్కల పెట్టెలు, గోడ అరలు. చెక్క ఎక్కువగా ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క బల్ల) పైన్, అప్పుడప్పుడు టింబర్ డిపోలో దొరికే టేకు ముక్కలు. మందం 1 అంగుళం నుంచి 2 అంగుళాలు, వెడల్పు ఎక్కువలో ఎక్కువ 6 అంగుళాలు.

చెక్కని కావలసిన కోణంలో అడ్డంగా కోసే కరెంటు రంపం, అంటే మైటర్ సా కొనాలి. బడ్జెట్ బ్లేడుతో కలిపి 15 వేలు, మరీ అవసరమైతే ఇంకో రెండు వేలు. ఈ ధరలో 10 అంగుళాల బ్లేడున్న, స్లైడింగ్ లేనివీ, పేరు వినని బ్రాండ్లలో 8 అంగుళాల స్లైడింగ్‌వీ రెండూ కనిపిస్తున్నాయి. ఏది తీసుకోమంటారు? కొట్టులో డబ్బు కట్టేముందు ఏమేం చూసుకోవాలి? వాళ్ళు ఇచ్చే బ్లేడు సరిపోతుందా?

మూలమట్టం

స్లైడింగ్ లేని 10 అంగుళాలది తీసుకోండి. ఎందుకో చెప్తాను.

మైటర్ సా నుంచి మనం కోరేది ఒక్కటే: వంద సార్లు కోసినా అదే కోణం రావాలి. స్లైడింగ్ రకంలో మోటారు, బ్లేడు అంతా రెండు కడ్డీల మీద ముందుకీ వెనక్కీ నడుస్తుంది. కడ్డీల బేరింగుల్లో కాస్త లూజున్నా, మోటారు ముందుకొచ్చినప్పుడు ఆ మోటారు, బ్లేడు ఉన్న తల పక్కకి వాలుతుంది. ఖరీదైన మెషిన్లలో ఆ డబ్బంతా పోయేది ఈ కడ్డీలు, బేరింగుల మీదే. తక్కువ ధరలో స్లైడింగ్ ఇస్తున్నారంటే కోత పెట్టింది సరిగ్గా అక్కడే. స్లైడింగ్ లేనిదానికి ఉన్నది ఒకే ఇరుసు. చవకదైనా ఆ ఒక్కటి గట్టిగా ఉంటే చాలు.

ఇక వెడల్పు లెక్క. మకీటా ఎల్‌ఎస్ 1040 చూడండి. ఈ తరగతికి అదొక కొలబద్ద అనుకోవచ్చు: 1650 వాట్లు, 4600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), సుమారు 11 కిలోలు. 90 డిగ్రీల దగ్గర 69 మి.మీ. మందంలో 130 మి.మీ. వెడల్పు కోస్తుంది. 45కి తిప్పితే అది 92 మి.మీ.కి పడిపోతుంది. వేరే 10 అంగుళాలవీ కొంచెం అటూఇటూగా ఇంతే. మీ 6 అంగుళాల పలక అంటే 152 మి.మీ. ఒక్క కోతలో తెగదు. పలకని తిప్పి రెండో వైపు నుంచి కోయాలి. స్టాప్ బ్లాక్ (ప్రతి ముక్కా ఒకే పొడవు రావడానికి కొస ఆనించే దిమ్మ) పెట్టుకుని, పలక రెండంచులూ సమాంతరంగా ఉంటే గీత కలుస్తుంది. అరలకి అది చాలు. ఫ్రేముల చెక్క 2, 3 అంగుళాలు దాటదు కాబట్టి అక్కడ ఇబ్బందే లేదు.

స్లైడింగ్ కచ్చితంగా కావాలంటే బాష్ జీసీఎం 8 ఎస్‌జేఎల్ లాంటిది చూడాలి: 216 మి.మీ. బ్లేడు, 1600 వాట్లు, 312 మి.మీ. వెడల్పు, 70 మి.మీ. మందం. కానీ 17 కిలోల పైమాట, ధర మీ బడ్జెట్‌ని బాగా దాటిపోతుంది. కడ్డీల కోసం వెనక ఖాళీ కూడా వదలాలి, బాల్కనీ గోడకి ఆనించి పెట్టలేరు.

ఇంకో మాట. ప్లైవుడ్ షీట్లు కోయడానికి మైటర్ సా ఏదీ పనికిరాదు. అది సర్క్యులర్ సా పని.

రంపం_రాణిగంజ్

పై సమాధానంతో ఏకీభవిస్తాను. కొట్టులో చూడాల్సినవి నేను చెప్తాను.

మన దగ్గర మైటర్ సాలు ఎక్కువగా కొనేది వడ్రంగులు కాదు, అల్యూమినియం కిటికీలు చేసేవాళ్ళు. అందుకే సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి చోట కొట్లలో ‘అల్యూమినియం కట్టర్’ అంటేనే త్వరగా తెలుస్తుంది. మెషిన్ ఒకటే, బ్లేడు వేరు. పెట్టెలోనో దానితోపాటో 100, 120 పళ్ళ అల్యూమినియం బ్లేడు అంటగట్టొచ్చు. చెక్కకి అది వద్దు. పంటికీ పంటికీ మధ్య గాడి చిన్నది కావడంతో పొట్టు బయటికి పోదు, చెక్క మాడుతుంది. ‘చెక్కకి’ అని నోరు తెరిచి చెప్పండి. ఇనుము కోసే చాప్ సా పూర్తిగా వేరే మెషిన్, దాంతో కలిపి చూడొద్దు. దాని రాతి చక్రాన్ని మైటర్ సాకి ఎట్టి పరిస్థితుల్లోనూ తగిలించకూడదు.

మీతో ఒక 300 మి.మీ. స్టీలు స్కేలు, ఒక మంచి మూలమట్టం పట్టుకెళ్ళండి. ప్లగ్ పెట్టకుండానే ఇవన్నీ చూడొచ్చు:

తల కిందికి నొక్కి పట్టుకుని హ్యాండిల్‌ని ఎడమకీ కుడికీ తోయండి. బ్లేడు కొస దగ్గర కంటికి కనిపించేంత కదలిక ఉంటే ఆ పీస్ వద్దు. ఇంకోటి తీయమనండి. ఒకే మోడల్‌లో రెండు పీసులు రెండు రకాలుగా ఉండటం మామూలే.

ఫెన్స్ (చెక్కని ఆనించే వెనక గోడ) రెండు ముక్కల మీదా కలిపి స్కేలు అంచు ఆనించి వెనక నుంచి వెలుతురు చూడండి. ఒక ముక్క ముందుకీ ఒకటి వెనక్కీ ఉంటే కొన్నిట్లో బోల్టుతో సరిచేయొచ్చు. రెండూ ఒకే పోతగా వచ్చి వంకరగా ఉంటే ఇక చేసేదేం లేదు.

టేబుల్‌ని తిప్పి 0 (అంటే నేరుగా 90 డిగ్రీల కోత), 15, 22.5, 45 గాళ్ళలో ఆపండి. టక్కుమని పడాలి, పడ్డాక గింజుకోకూడదు. 31.6 గాడి కూడా ఉంటుంది. అది సీలింగ్ అంచు పట్టీల (మోల్డింగ్) కోసం, మీరు పట్టించుకోనక్కర్లేదు.

బ్లేడుని కప్పే కింది గార్డు, తల దించినప్పుడు దానంతట అది తెరుచుకుని, లేపగానే మూసుకోవాలి. ఎక్కడైనా పట్టేస్తే వదిలేయండి.

కోత గీత చూపే లేజర్ ఉందని నూరు రూపాయలు కూడా ఎక్కువ ఇవ్వొద్దు. చవక వాటిలో గీత మందంగా పడుతుంది, బ్లేడుకి ఒక పక్కకే ఉంటుంది, నాలుగు రోజులకి జరిగిపోతుంది. పెన్సిల్ గీతకి ఒక మి.మీ. దూరంలో కోసి, కాస్త కాస్త జరుపుకుంటూ రావడమే నమ్మకం.

చివరగా, మోటారుకి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, గార్డు, స్విచ్ ఇక్కడే విడిగా దొరుకుతాయా అని అడగండి. ఆ మాటకి కొట్టువాడు నీళ్ళు నమిలితే మెషిన్ ఎంత చవకైనా దండగే. బ్రష్‌లు అరిగేవే. అరిగినప్పుడు మోటారు దగ్గర నిప్పురవ్వలు ఎక్కువవుతాయి, మోటారు ఆగి ఆగి తిరుగుతుంది. బ్రష్ మూతలు బయటికి ఉన్న మోడల్ అయితే స్క్రూడ్రైవర్‌తో ఐదు నిమిషాల పని.

టేకుపొట్టు

అసలు ఫొటో ఫ్రేములకి, మొక్కల పెట్టెలకి కరెంటు మైటర్ సా దేనికి? చేత్తో నడిపే మైటర్ రంపాలు ఉన్నాయి: ఇనుప చట్రం, రెండు నిలువు కడ్డీల మధ్య సన్న పళ్ళ రంపం, 45, 90 గాళ్ళు. ఖర్చు మెషిన్‌లో చిన్న వంతు, చప్పుడు లేదు, పొట్టు కిందే పడుతుంది. కోత చివర చిత్రికతో ఒక పట్టు పడితే చవక మెషిన్ కన్నా శుభ్రమైన మూల వస్తుంది. అపార్ట్‌మెంట్‌లో మైటర్ సా చప్పుడు చెవి దగ్గర 95 డెసిబెల్స్‌కి అటూఇటూ ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం పక్క ఫ్లాట్ వాళ్ళు ఊరుకుంటారా?

మార్బుల్ కట్టర్‌కి 4 అంగుళాల 40 పళ్ళ బ్లేడు వేసి చెక్క కోసేవాళ్ళూ చాలామందే. ముప్పై మి.మీ. పైచిలుకు లోతు వస్తుంది. బేస్ ప్లేట్ ఉంది కాబట్టి, గైడు పట్టీ పక్కన నడిపితే 90 డిగ్రీల కోతకి పర్లేదు. అదే బ్లేడు యాంగిల్ గ్రైండర్‌కి మాత్రం వద్దే వద్దు.

మూలమట్టం

చేతి రంపం సలహా ఫ్రేముల వరకూ న్యాయమే, టేకుపొట్టు గారూ. కానీ వారు స్టూళ్ళు, అరలు కూడా అంటున్నారు. 2 అంగుళాల టేకు కాళ్ళు నాలుగూ ఒకే పొడవులో కావాలంటే స్టాప్ బ్లాక్ పెట్టిన మెషినే మేలు.

బాల్కనీ_వడ్రంగి

అందరికీ ధన్యవాదాలు. 10 అంగుళాలదే తీసుకుంటాను. చప్పుడు సంగతి పక్కవాళ్ళతో మాట్లాడి టైం పెట్టుకుంటాను. బ్లేడు విషయం కాస్త వివరంగా చెప్తారా? ఒక్కోచోట 40, 60, 80 పళ్ళు, ఏటీబీ, ఇంకేవో రాసి ఉన్నాయి. ధర అయిదు వందల నుంచి మూడు నాలుగు వేల దాకా ఉంది.

చిత్రిక_దారు

బడ్జెట్‌లో రెండు వేలు బ్లేడుకని ముందే పక్కన పెట్టండి. 13 వేల మెషిన్‌కి మంచి బ్లేడు వేస్తే వచ్చే కోత, 15 వేల మెషిన్‌కి దానితో వచ్చిన బ్లేడు ఉంచితే రాదు. పెట్టెలో వచ్చేది సాధారణంగా 24 నుంచి 40 పళ్ళది, మొక్కల పెట్టెకి సరిపోతుంది. ఫ్రేములకి, టేకుకి 60 పళ్ళది తీసుకోండి. 80 ఇంకా నున్నగా కోస్తుంది గానీ మెల్లగా దించాలి. 2 అంగుళాల గట్టి చెక్కలో తొందరపడితే మాడ్చేస్తుంది. ఒకటే కొనాలంటే 60.

పళ్ళ లెక్క కన్నా ముందు చూడాల్సింది హుక్ కోణం, దీన్ని ఎవరూ చెప్పరు. పంటి ముఖం ముందుకి ఎంత వాలి ఉందన్నదే ఇది. టేబుల్ సా బ్లేడ్లకి 15, 20 డిగ్రీలు ఉంటుంది. అది మైటర్ సాకి వేస్తే పళ్ళు చెక్కని గుంజుకుంటాయి, తల తనంతట తనే కిందికి దూకుతుంది. మైటర్ సాకి మైనస్ 5 నుంచి ప్లస్ 5 లోపు ఉండాలి. బ్లేడు మీదో ప్యాకెట్ మీదో రాసి ఉంటుంది. రాయని బ్లేడు అయితే పంటి నుంచి నడి రంధ్రానికి ఒక స్కేలు పెట్టి చూడండి. పంటి ముఖం దాదాపు ఆ గీత మీదే ఉండాలి.

ఏటీబీ అంటే పళ్ళ కొసలు ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ ఏటవాలుగా చెక్కి ఉంటాయి. అడ్డకోతలో నారని ముందు కత్తిరించి తర్వాత తీస్తాయి, మీకు కావాల్సింది ఇదే. టీసీజీ అని ఉన్నది అల్యూమినియం, లామినేట్, చెక్క పొడి నొక్కి చేసే ఎండీఎఫ్‌కి.

నడి రంధ్రం సైజు 25.4 మి.మీ.నా 30 మి.మీ.నా మీ మెషిన్ ఇరుసుని బట్టి. 30 రంధ్రం బ్లేడుకి 25.4 రింగు వేసుకోవచ్చు, రింగు బిగుతుగా కూర్చోవాలి, బ్లేడు కన్నా మందంగా ఉండకూడదు. బ్లేడు మీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం మెషిన్ వేగం కన్నా ఎక్కువ ఉండాలి. 1650 వాట్ల మోటారుకి కోత మందం 2.2 నుంచి 2.6 మి.మీ. ఉన్నది తేలికగా నడుస్తుంది. మరీ సన్నవి గట్టి చెక్కలో వణికి పక్కకి పోతాయి.

బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్ తీసేయండి. చాలా మోడళ్ళలో బ్లేడు బోల్టుకి ఎడమ మర ఉంటుంది, అంటే గడియారం తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. తెలియక రెండో వైపు బలంగా తిప్పి అలెన్ తల గుండ్రంగా చేసుకుంటారు.

టేకులో సిలికా ఉంటుంది, పళ్ళని త్వరగా మొండి చేస్తుంది. పైన్‌లో బంక పంటి పక్కన పేరుకుంటుంది, దాన్ని చాలామంది మొండితనం అనుకుని బ్లేడు పారేస్తారు. వంటసోడా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో కాసేపు ఉంచి ప్లాస్టిక్ బ్రష్‌తో రుద్ది, తుడిచి ఆరబెట్టండి. వైరు బ్రష్ వద్దు. అప్పుడు కూడా కోయకపోతే సాన పట్టించండి. ప్యాలెట్ చెక్కలో మేకు విరిగి లోపల ఉండిపోతుంది. కోసే చోట అయస్కాంతం తిప్పి చూడటం మరవకండి. ఒక్క మేకు చాలు నాలుగైదు కార్బైడ్ కొసలు ఎగిరిపోవడానికి.

మూలమట్టం

మెషిన్ ఇంటికొచ్చాక మొదటి రోజు ఏమీ చేయకండి, సర్దుబాటు ఒక్కటే. ఫ్యాక్టరీలో సరిచేసి పంపారనుకోవద్దు.

ప్లగ్ తీసి, తల దించి, మూలమట్టం ఒక అంచు ఫెన్స్‌కి, రెండోది బ్లేడు రేకుకి ఆనించండి. పంటికి ఆనితే కొలత తప్పు, పళ్ళ మధ్య రేకు మీదే పెట్టాలి. తేడా ఉంటే టేబుల్‌ని 0 గాడిలోనే ఉంచి ఫెన్స్ బోల్టులు వదులు చేసి ఫెన్స్‌నే సరిచేయండి.

తర్వాత అసలు పరీక్ష. రెండంచులూ సమాంతరంగా ఉన్న 100 మి.మీ. వెడల్పు పలకని 90 దగ్గర రెండుగా కోయండి. ఒక ముక్కని బోర్లా తిప్పి, రెండు ముక్కలనీ ఫెన్స్‌కి ఆనించి కోసిన కొసలు కలపండి. తప్పు రెట్టింపై కనిపిస్తుంది. ఒక చివర 1 మి.మీ. సందుంటే అసలు తప్పు అర మి.మీ., అంటే పావు డిగ్రీకి కాస్త ఎక్కువ. బ్లేడు నిలువు చూడ్డానికి ఇదే పని 75 మి.మీ. ఎత్తున్న ముక్కని నిలబెట్టి చేయండి.

పావు డిగ్రీనే కదా అనుకోవద్దు. ఫ్రేముకి ఎనిమిది కోతలు. అన్నీ ఒకే వైపు తప్పితే చివరి మూల రెండు డిగ్రీల పైన తెరుచుకుంటుంది.

చిత్రిక_దారు

దానికి ఒక సవరణ, ఫ్రేములు చేసేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది. ఎనిమిదీ ఒకే గాడిలో, పలకని తిప్పుకుంటూ కోస్తేనే తప్పులు కూడతాయి. గాజు కూర్చునే గాడి ఉన్న మోల్డింగ్‌ని ఎలాగూ తిప్పలేరు, ఒక కొస ఎడమ 45లో, రెండోది కుడి 45లో కోయాలి. అప్పుడు ప్రతి మూలలో ఒక ఎడమ కోత, ఒక కుడి కోత కలుస్తాయి. ఫెన్స్ పావు డిగ్రీ వంకరగా ఉంటే ఒకటి 45.25, ఇంకోటి 44.75, కలిపితే మళ్ళీ 90. టేబుల్ మీద ఆ రెండు గాళ్ళ మధ్య దూరం సరిగ్గా 90 ఉంటే చాలు. ఆ దూరం మీరు మార్చలేరు, కాబట్టి కొనేముందు చూడాల్సిన గాళ్ళు నిజానికి ఆ రెండే.

కోణాలు సరిపోయినా ఎదురెదురు పట్టీలు పొడవులో తేడా ఉంటే నాలుగో మూల కలవదు. చాలాసార్లు తిట్లు మెషిన్ తింటుంది, తప్పు కొలత టేపుది. స్టాప్ బ్లాక్ పెట్టి ఎదురెదురు జతని ఒకే అమరికలో కోయండి. బ్లాక్‌ని టేబుల్ నుంచి 3 మి.మీ. పైకి ఎత్తి బిగించండి, లేకపోతే పొట్టు దాని మూలలో ఇరుక్కుని ప్రతి ముక్కా కాస్త కాస్త పొట్టిగా వస్తుంది. బ్లాక్‌కీ బ్లేడుకీ మధ్యన ఉన్న ముక్కనే గట్టిగా పట్టుకోవాలి. అది వదులుగా ఉంటే బ్లేడుకి తట్టుకుని ఎగురుతుంది.

బాల్కనీ_వడ్రంగి

ఇది ఎక్కడా చదవలేదు, చాలా ఉపయోగం. ఇంకో రెండు ప్రశ్నలు. కోత కింద, వెనక వైపు నార లేచిపోవడం అందరూ చెప్తున్నారు, దానికేం చేయాలి? బాల్కనీలో ఉన్నది చిన్న సాకెట్. హాల్ నుంచి ఎక్స్‌టెన్షన్ లాగొచ్చా?

రంపం_రాణిగంజ్

నార సంగతి ముందు. పళ్ళు మీ వైపు నుంచి దిగి, కిందికీ వెనక్కీ పోతూ బయటపడతాయి. కాబట్టి మంచి ముఖం పైకి, మంచి అంచు మీ వైపు పెట్టండి. ఫెన్స్‌కి ఉన్న రంధ్రాల్లోంచి స్క్రూలు వేసి 12 మి.మీ. ప్లై పట్టీ, కింద రెండు వైపులా అంటుకునే టేపుతో 6 మి.మీ. ఎండీఎఫ్ ముక్క అంటించి, బ్లేడుని ఒకసారి దించండి. ఆ చీలిక బ్లేడు మందమే ఉంటుంది కాబట్టి నారకి వెనక ఆధారం దొరుకుతుంది, లేవదు. ఎక్కడ కోత పడుతుందో ఆ చీలికే చూపిస్తుంది, లేజర్ అక్కర్లేదు. వెడల్పులో ఆ మేరకు కాస్త తగ్గుతుందనుకోండి.

కోసే పద్ధతి: బ్లేడు పూర్తి వేగం అందుకున్నాక మెల్లగా దించండి. తెగాక స్విచ్ వదిలి, తల కిందే ఉంచి, బ్లేడు పూర్తిగా ఆగాకే లేపండి. చవక వాటిలో బ్రేకు ఉండదు, కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు లేపితేనే ముక్క ఎగరడం, అంచు చెడటం. వంగిన పలకైతే ఉబ్బిన వైపు ఫెన్స్‌కి ఆనాలి. పల్లం వైపు ఆనిస్తే కోత దగ్గర వెనక ఖాళీ ఉండి, తెగుతుండగా రెండు ముక్కలూ మూసుకుని బ్లేడుని పట్టేస్తాయి. బ్లేడుకి 150 మి.మీ. లోపల చెయ్యి రాకూడదు. అంత చిన్న ముక్క కావాలంటే పొడుగు చెక్క చివర నుంచి కోయండి, లేదా క్లాంపు. పొడుగు చెక్కకి రెండు పక్కలా టేబుల్ ఎత్తుకి సరిగ్గా సమానంగా ముక్కలు పేర్చండి. చేతి గ్లౌజులు, వేలాడే చొక్కా చేతులు, చున్నీ వద్దు.

కరెంటు. 1650 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 7 ఆంపియర్ల పైన. 6 ఆంపియర్ల చిన్న సాకెట్‌లో పెట్టకండి, పిన్నులు వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. 16 ఆంపియర్ల పెద్ద సాకెట్ నుంచే లాగండి. 10 మీటర్ల లోపు అయితే 1.5 చదరపు మి.మీ. మూడు తీగల రాగి వైరు సరిపోతుంది, ఇంకా దూరమైతే 2.5. టీవీకి, మిక్సీకి వాడే సన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు పనికిరాదు: వోల్టేజి పడిపోతుంది, మోటారు మూలుగుతుంది, మోటారు లోపల తిరిగే చుట్ట (ఆర్మేచర్) మాడుతుంది. చుట్ట వైరైతే మొత్తం విప్పి వాడండి. ఎర్త్ తీగ ఉండి తీరాలి. ఆన్ చేసిన క్షణంలో మోటారు మామూలు కన్నా చాలా ఎక్కువ కరెంటు లాగుతుంది. నొక్కగానే మీటర్ బోర్డులోని ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే పడిపోయే స్విచ్) పడుతుంటే, అది ‘బి’ రకమేమో ఎలక్ట్రీషియన్‌తో చూపించి, అదే ఆంపియర్ల ‘సి’ రకం వేయించుకోండి. ఆంపియర్లు మాత్రం పెంచొద్దు. ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి.

టేకుపొట్టు

పొట్టు గురించి ఎవరూ చెప్పలేదు. మెషిన్‌కి వచ్చే గుడ్డ సంచిలో పడేది కొంతే, మిగతాది ఫెన్స్ వెనక నుంచి చిమ్ముతుంది. వెనకా పక్కలా అట్టపెట్టెతో మూడు వైపులు కప్పేలా గూడు కట్టి, గొట్టానికి వాక్యూమ్ పెడితే పక్కవాళ్ళ బట్టల మీద పడదు. చెక్క ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగించే వాటి మొదటి జాబితాలో పెట్టింది. టేకు ధూళికి కొందరికి చర్మం దురద, తుమ్ములు. గుడ్డ కట్టుకుంటే ఆగదు, ఎన్95 మాస్కు పెట్టుకోండి. కళ్ళద్దాలు, చెవులకి మఫ్‌లు కూడా. మూడూ కలిపి వెయ్యి లోపే.

బాల్కనీ_వడ్రంగి

అయితే లెక్క ఇది: మెషిన్ 13 వేల లోపు, 60 పళ్ళ బ్లేడు రెండు వేలు, వైరుకీ మాస్కు వగైరాలకీ మిగతా రెండు వేలు. స్కేలు, మూలమట్టం పట్టుకుని ఈ వారం వెళ్తాను.

చిత్రిక_దారు

ఆ మూలమట్టం సరైనదో కాదో ముందు ఇంట్లో చూసుకోండి. నిటారు అంచున్న పలకకి ఆనించి గీత గీసి, తిరగేసి అదే చోట మళ్ళీ గీయండి. రెండు గీతలూ ఒకటిగా పడాలి. పడకపోతే ముందు అది మార్చండి.